పిల్లలకు ఫిడేలు నేర్పుట

(శతవార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రులు, గాయక బృందముల వారు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండమునకు నూరు సంవత్సరములు నిండిన ఈ సమయమున సంఘ సంగీతమును గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మును అడిగినారు. సంఘ సంగీతమంతటిని గురించి మాట్లాడుటకు మేము తగినవారము కాము. మేము ఇంటివద్ద చాప పరచుకొని పిల్లలకు ఫిడేలు నేర్పువారము. ఆ పని ఎట్లు చేయుచున్నామో, ఎందుకు అట్లు చేయుచున్నామో అంతవరకే చెబుతాము. తల్లిదండ్రులు ముఖ్యముగా వినవలెనని మనవి. పిల్లలు మావద్ద ఉండేది వారమునకు రెండు గంటలు. మిగిలిన కాలమంతా మీవద్దనే గదా.

ఫిడేలు మన దేశములో పుట్టిన వాద్యము కాదు. మద్రాసులో ఇంగ్లీషువారి బ్యాండులో వాయించు ఒక యూరోపియను వద్ద ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీనిని నేర్చుకొని కర్ణాటక సంగీతములోనికి తెచ్చినారని చెబుతారు. తంజావూరు వడివేలుగారికి తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలు బహూకరించినారు. అనగా అప్పటికే దక్షిణ దేశమున దీనికి రాజాస్థానములలో పీట వేసినారన్నమాట. మనవారు వాద్యమును మార్చలేదు. దానిని శ్రుతి చేయు విధమును, పట్టుకొను విధమును మాత్రము మార్చుకొన్నారు. దొరల దేశమున నిలుచుండి గడ్డముక్రింద పట్టుకొని వాయించే దానిని మనవారు బాసిపెట్టు వేసికొని కూర్చుండి, తలభాగమును కుడి మడమపైన ఆనించి, రెండవ కొనను ఎడమ భుజము దగ్గర ఆనించుకొని వాయించినారు. ఎడమ చెయ్యి బరువు మోయనక్కరలేదు గనుక తీగమీద పైకి క్రిందికి స్వేచ్ఛగా జారగలదు. మన రాగములకు కావలసినది ఆ జారుడే.

మన సంఘములకు ఈ రెండు దారులు కావలసివచ్చినవి. ఒకవైపు మిషనరీలు తెచ్చిన పాశ్చాత్య స్వరములకు తెనిగించిన పాటలు. మరొకవైపు పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలైన భక్తులు రాగ తాళములతో రచించిన కీర్తనలు. ఒకే ఆదివారమున, ఒకే ఆరాధనలో రెండును పాడతాము. కనుక తల్లిదండ్రులు వచ్చి, 'మా అమ్మాయికి ఏ పద్ధతి నేర్పుతారు?' అని అడుగుట సహజము. మేము కూర్చుండి వాయించు పద్ధతినే నేర్పుతాము. ఒకే బిడ్డకు రెండు పట్లు ఒకేసారి నేర్పము. పాశ్చాత్య పరీక్షలకు కూర్చోవలెనని కోరువారిని ఆ విద్య తెలిసిన ఉపాధ్యాయుల వద్దకే పంపుతాము. అది గొప్ప విద్య, కాని అది వేరు. మా పిల్లలు నేలమీద కూర్చుండియే పాశ్చాత్య స్వరముల పాటలుకూడ చక్కగా వాయిస్తారు. వారి చెవి తయారైన తరువాత అది పెద్ద కష్టము కాదు.

ఆ చెవిని గురించే ఈ దినము ఎక్కువగా చెప్పదలచినాము.

మావద్ద చేరిన బిడ్డకు మొదటి నెల ఫిడేలు చేతికి ఇవ్వము. ఈ మాట వినగానే తండ్రులకు కొంచెము కోపము వస్తుంది. 'ఏమండీ మాస్టారూ, నెల ఫీజు కట్టినాము, ఫిడేలు కొన్నాము, మా వాడు ఇంకా దానిని ముట్టనైనా లేదు' అంటారు. అడగవలసిన మాటే. దానికి మా జవాబు ఇది. హార్మోనియములో మెట్టు నొక్కితే స్వరము పలుకుతుంది. నొక్కినది ఎవరైనా సరే. వీణకు ఇరువది నాలుగు మెట్లు ఉన్నవి. వ్రేలు ఎక్కడ వేయవలెనో కంటికి కనబడుతుంది. ఫిడేలు పలకమీద ఏ గుర్తూ లేదు. నల్లగా, నున్నగా ఉంటుంది. గాంధారము ఎక్కడ ఉన్నదో దానిమీద వ్రాసి లేదు. వ్రేలు నువ్వుగింజంత జరిగితే అపశ్రుతి. మరి ఆ గాంధారము ఎక్కడ ఉన్నది? ముందుగా పిల్లవాడి చెవిలో ఉండవలెను, తరువాత గొంతులోనికి రావలెను, అటు తరువాతనే వ్రేలికి తెలుస్తుంది. విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో 1919 నుండి ఫిడేలు బోధించి, 1936లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి (1893-1964) చూపు చాల మందము. అయినను మన తెలుగునాట ఫిడేలుకు అంతటి పేరు తెచ్చినవారు మరొకరు లేరు. ఈ వాద్యమునకు కంటితో ఎంత పని ఉన్నదో దీనినిబట్టి మీరే ఆలోచించండి.

కనుక మొదటి నెల శ్రుతిపెట్టె పెట్టి (ఈ రోజులలో ఫోనులోనే తంబురా వస్తున్నది, అదీ మంచిదే) 'సా' పాడిస్తాము. ఆ ఒక్క స్వరమే. పిల్లవాడి గొంతు శ్రుతిలో సరిగా కలిసినప్పుడు తన గొంతు తనకే వేరుగా వినబడదు. ఆ క్షణమున వాడు ఆగి మా వైపు చూస్తాడు. ఆ చూపు రాగానే రెండవ పాఠమునకు పోతాము. కొందరికి మొదటి దినమే వస్తుంది, కొందరికి మూడు వారములు పడుతుంది.

గొంతు కలవని పిల్లలుకూడ వస్తారు. 'వీడికి సంగీతము రాదు లెండి' అని తల్లియే వాడి యెదుట చెప్పుతుంది. దయచేసి అట్లు చెప్పవద్దు. అట్టి బిడ్డకు మేము చేసేది చాల చిన్న ఉపాయము. వాడిని మా శ్రుతికి రమ్మనము, మేమే వాడి శ్రుతికి పోతాము. వాడు ఏ స్వరము పలికితే శ్రుతిపెట్టెను అక్కడికే త్రిప్పుతాము. తన గొంతు, పెట్టె గొంతు ఒకటైనప్పుడు ఎట్లుండునో ఒకసారి వాడికి తెలిస్తే చాలును. తరువాత శ్రుతిని కొంచెము కొంచెముగా జరుపుతాము, వాడు వెంట వస్తాడు. ఈ విధముగా వచ్చిన పిల్లలలో ఇప్పుడు సంఘములో వాయించుచున్నవారు ఉన్నారు. వారి పేర్లు చెప్పము, వారికి సిగ్గు.

రెండవ నెలలో కమాను. వ్రేళ్ళతో పని లేదు, వట్టి తీగమీద కమాను లాగుట మాత్రమే. బ్రిడ్జికి పలకకు నడుమ, అటు ఇటు పోకుండ, తిన్నగా. నాలుగు లెక్కపెట్టువరకు ఒక లాగు, తరువాత ఎనిమిది, తరువాత పదహారు. చేతి బరువుతోనే తీగ పలకవలెను, నొక్కినందువలన కాదు. నొక్కితే తలుపు కిఱ్ఱుమన్నట్లు ఉంటుంది. ఈ నెలలో ఇరుగుపొరుగువారికి కష్టమే. వారిని ముందుగా పలుకరించి ఉంచుట మంచిది.

కమానును గురించి ఒక మాట గాయక బృందమువారు గమనించవలెను. కీర్తన అనగా మొదట మాట, తరువాతనే స్వరము. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసికొనునో అక్కడనే కమాను మళ్ళవలెను. పిల్లవాడు కమాను పొడవు చాలక మాట నడుమ మళ్ళించినాడనుకోండి, 'రక్షకా' అనే పిలుపు రెండు ముక్కలౌతుంది. వినువారికి ఎందుకో తెలియదుగాని ప్రార్థన తెగినట్లుంటుంది. అందుచేత మేము చరణమును ముందు చదివిస్తాము. పిదప అర్థము చెప్పిస్తాము, ఊపిరి ఎక్కడ తీయవలెనో పుస్తకములో పెన్సిలుతో గీత పెట్టిస్తాము. అటు పిమ్మట పాడిస్తాము. వాయించుట చివరిది. అర్థము తెలియకుండ కీర్తన వాయించు పిల్లవాడిని మేము ముందుకు పోనివ్వము. ఈ విషయములో మాకు పట్టుదల ఎక్కువని పేరున్నది, ఉండనిండు.

మూడవ నెలలో వ్రేళ్ళు వేయిస్తాము. మాయామాళవగౌళలో సరళి వరుసలు. ఈ రాగముతో పాఠము మొదలుపెట్టుట పురందరదాసులవారి నాటి నుండి వచ్చిన సంప్రదాయమని చెబుతారు. ఫిడేలు పట్టినవారికి అందులో మరొక సుఖము కనబడుతుంది. మన పద్ధతిలో తీగలు స, ప, స, ప అని శ్రుతి చేస్తాము. మధ్యమ షడ్జమపు తీగమీద స రి గ మ. ప్రక్కనున్న పంచమపు తీగమీద ప ద ని స. స నుండి రి దగ్గర, రి నుండి గ దూరము, గ నుండి మ మళ్ళీ దగ్గర. ప్రక్క తీగమీదనూ అట్లే: ప నుండి ద దగ్గర, ద నుండి ని దూరము, ని నుండి స దగ్గర. ఒక తీగమీద చెయ్యి నేర్చినది రెండవ తీగమీద తిరిగి చేస్తే చాలును. పాశ్చాత్యులుకూడ తమ మొదటి పాఠములలో ఒక తీగమీది నడకనే ప్రక్క తీగమీద తిరిగి వేయిస్తారు. వారి దూరములు వేరు, ఆలోచన ఒకటే.

పలకమీద రంగు కాగితపు ముక్కలు అంటించి వ్రేళ్ళ స్థానములు చూపే ఉపాధ్యాయులు ఉన్నారు. అట్లు నేర్చి బాగుగా వాయించువారూ ఉన్నారు గనుక వారిని తప్పు పట్టము. మేము మాత్రము అంటించము. కాగితము ఉంటే పిల్లవాడు కాగితమును చూస్తాడు, తాను వాయించినదానిని వినడు.

జపాను దేశములో షినిచి సుజుకి (1898-1998) అనే ఫిడేలు గురువు ఉండేవారు. జపాను పిల్లలందరూ కష్టమైన జపాను భాషను ఏ బడికీ పోకుండనే మాటలాడుచున్నారు గదా, సంగీతమునుకూడ తల్లిభాషవలెనే నేర్పవచ్చునని ఆయన తలంచినారు. ఆయన పద్ధతిలో తల్లియో తండ్రియో పాఠమునకు వచ్చి బిడ్డప్రక్కన కూర్చుండవలెను, ముందు తామే కొంచెము వాయించుట నేర్వవలెను. బిడ్డ వాయింపబోవు పాటను ఇంటిలో ప్రతిదినము వినిపించవలెను. ఆయన పుస్తకములను మేము వాడము, కాని ఈ రెండు సంగతులు ఆయన వద్దనుండి తీసికొన్నాము. తల్లియైనా, నాయనమ్మయైనా ఒకరు పాఠములో కూర్చుంటే బిడ్డ ఇంటివద్ద సాధన చేయునప్పుడు పొరపాటు పట్టగలరు. ఇక వినిపించుట అంటారా, అది మన క్రైస్తవ గృహములలో పూర్వము ఎవరూ చెప్పకుండనే జరిగేది. సాయంకాల కుటుంబ ప్రార్థనలో రెండు కీర్తనలు పాడేవారు. ఒడిలో ఉన్న బిడ్డ ఆ రాగములు వింటూ నిద్రపోయేది. అట్టి ఇంటినుండి వచ్చిన బిడ్డకు మేము నేర్పవలసినది సగమే ఉంటుంది. ఇప్పుడు ప్రార్థన చేయు ఇండ్లలోకూడ పాట ఫోనులో పెట్టుచున్నారు. వినుట మంచిదే, కాని నాయనమ్మ గొంతు వేరు. మా విద్యార్థుల ఇండ్లలో వాద్యములేమియు లేకుండ దినమునకు ఒక్క కీర్తనయైనా నోటితో పాడవలెనని మేము నియమము పెట్టినాము. ఫీజు ఆలస్యమైతే ఊరుకొంటాము, ఇది తప్పితే అడుగుతాము.

ఇక ఈ పిల్లలు ఎందుకొరకు నేర్చుకొనుచున్నారు అనే ప్రశ్న ఉన్నది. మూడు నెలలు కాగానే, 'క్రిస్మసుకు మా వాడిచేత ఒక పాట ఒంటరిగా వాయింపించండి' అని అడుగుతారు. మేము ఒప్పుకొనము, అయితే వట్టిచేతులతో పంపము. మూడు నెలలు నేర్చిన బిడ్డకు ఆరాధనలో చేయదగిన పని ఒకటి ఉన్నది. సంఘము కీర్తన పాడునప్పుడు గాయక బృందము ప్రక్కన కూర్చుండి, వట్టి తీగలు రెండు, స ప, కలిపి నెమ్మదిగా లాగుచుండుట. అంతే. దానికి ఒక్క వ్రేలుకూడ వేయనక్కరలేదు. చిన్న పనివలె కనబడుతుంది. కాని మన సంఘములలో ఆరు చరణముల కీర్తన మొదలుపెట్టిన శ్రుతికిని ముగించిన శ్రుతికిని ఎంత తేడా ఉండునో గాయక బృందమువారికి తెలుసు. చివరి చరణమునకు అందరమూ క్రిందికి జారిపోతాము. ఆ బిడ్డ స ప వాయించుచుంటే సంఘమంతా జారకుండ నిలుస్తుంది. ఎనిమిదేండ్ల పిల్ల మూడువందలమందిని నిలబెట్టుచున్నది! మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో దేవాలయ గానమునకు ఏర్పడినవారు 288 మంది అని వ్రాయబడియున్నది. వారిలో పిన్న పెద్ద అనిలేక, గురువు శిష్యుడు అనిలేక అందరును సమానముగా చీట్లు వేసికొన్నారు. ఆ మాట చదివిన తరువాతనే మూడు నెలల బిడ్డను బృందములో కూర్చుండబెట్టుటకు మాకు ధైర్యము వచ్చినది.

ఏడాది రెండేండ్లు గడచి, వర్ణములు రాకపోయినను గీతములు వచ్చిన తరువాత అసలు పని మొదలౌతుంది. అది వెంట నడచుట. సంఘములో ఫిడేలు ముందు నడిచేది కాదు, పాడువారి వెంట పోయేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడండి. కీర్తనకు పైన రాగము పేరు, తాళము పేరు ఉంటవి. స్వరములు ఉండవు. అనగా ఆ వరుస పుస్తకములో లేదు, పాడువారి నోటిలో ఉన్నది. ఎవరి నోటిలో? మన సంఘములలో వెనుక వరుసలో కూర్చుండు డెబ్బది, ఎనుబది ఏండ్ల అమ్మగార్ల నోటిలో. వారు కనుమరుగైతే పుస్తకములో రాగము పేరు మిగులుతుంది, కీర్తన మిగలదు. నూరేండ్ల పండుగలో మేము మీయెదుట ఉంచదలచిన భారము ఇదే.

కీబోర్డును మేము నిందించము. నాలుగు గొంతులుగా పాడు పాశ్చాత్య స్వరములకు అది ఎంతో మేలు. కాని దానిమీద స్థాయికి పండ్రెండు మెట్లే. స్వరమునకు స్వరమునకు నడుమ ఊగుచు, జారుచు పోయే గమకము మన సంఘములలో సాధారణముగా వాయించు తీరులో అందులో పలకదు. పలకనిదానిని వాయించువారు వదిలివేస్తారు. వాయించువారు వదిలినదానిని పాడువారుకూడ వదిలివేస్తారు. యువజనులకు కీర్తనలు చప్పగా ఉన్నవని మనము విచారపడుచున్నాము. చప్పగా ఉండక ఏమౌతుంది, ఉప్పు తీసివేసిన తరువాత?

అందుచేత మా పెద్ద విద్యార్థులను మేము అమ్మగార్ల ఇండ్లకు పంపుతాము. ఫిడేలు తీసికొనిపోరాదు. మొదటి దినము వినుట, ఆమె అనుమతితో ఫోనులో ఎక్కించుకొనుట. రెండవసారి ఆమెతో కలిసి పాడుట. మూడవసారి ఫిడేలు, అదీ ఆమె శ్రుతికి తీగలు సరిచేసి. మా ఒకటిన్నరకు ఆమెను రమ్మనరాదు. ఒకసారి ఒక అమ్మాయి తిరిగివచ్చి, 'పుస్తకములో ఒక రాగము వ్రాసియున్నది, అమ్మమ్మగారు మరొక రాగములో పాడుచున్నారు, ఏది సరియైనది?' అని అడిగినది. ఆమె పాడినదే వాయించుము అన్నాము. పుస్తకములో ఉన్న రాగముకూడ వేరుగా నేర్పినాము. ఒక ఊరి వరుసను మరొక ఊరి వరుసతో దిద్దుట మా పని కాదు. ప్రక్క ప్రక్క గ్రామములలోనే ఒక కీర్తన రెండు విధములుగా పాడుట మీరందరూ వినియే ఉన్నారు. రెండును ఎక్కించుకొని, ఏ ఊరు, ఎవరు పాడినది, ఏ తేదీ అని వ్రాసి ఉంచుచున్నాము. ప్రతి సంఘములోను ఇట్టి పని చేయుటకు సంగీతము రానక్కరలేదు. ఫోను ఉన్న యువకుడు, ఓపిక ఉన్న యువతి చాలును.

సాధన సంగతి క్లుప్తముగా చెబుతాము. శనివారము రెండు గంటలకంటె ప్రతిదినము పదిహేను నిమిషములు మేలు. పదవ తరగతి రాగానే ఫిడేలు అటుకెక్కించుచున్నారు, ముఖ్యముగా ఆడపిల్లలది. ఆ సంవత్సరము పాఠమునకు పంపకపోయినను దినమునకు ఆ పదిహేను నిమిషములు తీసివేయవద్దు. చదువు దానివలన చెడిన బిడ్డను మేము చూడలేదు.

వాద్యమును గురించి: ఫిడేలు బిడ్డ చేతి పొడవునుబట్టి ఉండవలెను. సగము, ముప్పాతిక, పూర్తి అని కొలతలున్నవి. పసివారికి పదహారవ వంతుదికూడ ఉన్నది. పెరుగుతాడు గదా అని ఆరేండ్లవాడికి పెద్దది కొనవద్దు, చెయ్యి చెడుతుంది. చిన్న ఫిడేలు రెండు మూడేండ్లకు చాలకపోతుంది, అప్పుడది ఇంటిలో వృథాగా పడియుంటుంది. ప్రతి సంఘము అట్టివి రెండైనా కొని ఉంచి, బిడ్డనుండి బిడ్డకు మార్చుచుంటే కూలిపని చేసికొనువారి పిల్లలుకూడ నేర్వగలరు. పాస్టరుగార్లు, సంఘ పెద్దలు దీనిని ఆలోచించవలెనని మనవి చేయుచున్నాము. నేర్పుటకు అట్టి పిల్లలవద్ద మేము ఏమియు తీసికొనము.

చివరిగా ఒక సంగతి. మన పాత కుటుంబములలో కొందరి ఇండ్లలో తాతగారి ఫిడేళ్ళు అటుకమీద ఉన్నవని విన్నాము. వాటిని దయచేసి మీరే బాగుచేయవద్దు. ఊడిన పలకను బజారులోని తెల్ల జిగురుతో అతికించవద్దు. ఫిడేలును విప్పి బాగుచేయుటకు వీలుగా జంతుచర్మపు జిగురుతో అతుకుతారు, ఆ తెల్ల జిగురు పట్టితే చెక్క చీలునుగాని అతుకు విడిపోదు. తీగలన్నియు ఒక్కసారిగా విప్పవద్దు. లోపల బ్రిడ్జి పాదము దగ్గర చిన్న కఱ్ఱపుల్ల నిలిచియుంటుంది. దానికి జిగురు లేదు, తీగల బిగువువలననే నిలుస్తుంది. తీగలు విప్పితే పడిపోవచ్చును. ఫ్రెంచివారు, ఇటలీవారు ఆ పుల్లను తమ భాషలలో 'ఆత్మ' అని పిలుస్తారు, అది పడిపోతే ఫిడేలుకు గొంతు ఉండదు. దుమ్ము దులిపి, గుడ్డలో చుట్టి, ఎండ తగలకుండ మావద్దకు తీసికొనిరండి. శనివారము మధ్యాహ్నము మేము ఇంటివద్దనే ఉంటాము. తీగలు లేకపోయినా, కమాను వెండ్రుకలు ఎలుకలు కొట్టివేసినా ఫరవాలేదు, తీసికొనిరండి.